గంజి కాదు ప్రభువా

మా నాయిన ప్రార్థనకు మోకరిస్తే పొయ్యి మీద పప్పు మాడిందన్నమాటే. అమ్మకు ఆ సంగతి తెలుసు గనుక, సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందే పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగేసి వచ్చేది. ఊళ్ళో మా పెద్దమ్మ మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి, ల్యాబులో ఆ రోజు పగిలిన టెస్ట్ ట్యూబు దాకా, జరిగినవన్నీ ఆయన దేవునికి పేరుపేరునా చెప్పేవాడు. చిన్నతనంలో ఒకసారి విసుగొచ్చి, ఇవన్నీ దేవునికి తెలియవా అని అడిగాను.

"తెలుస్తయ్ బిడ్డా. తెలుసు గదా అని మనం ఊకుంటే దాసిపెట్టినట్టయితది" అన్నాడు.

ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. ఖాకీ చొక్కా నిండా యాసిడ్ చుక్కలు తిన్న చిల్లులు. మెదక్ వైపు ఊరి నుంచి వచ్చి, క్యాంపస్ వెనక మాణికేశ్వర్ నగర్ వైపున్న క్వార్టర్లలో కాపురం పెట్టాడు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు రేకుల పంచ. అందులో అమ్మా నాయినా, అన్న, నేను, చెల్లె. ఆదివారం అందరం నడుచుకుంటూ తార్నాకకు పోయేవాళ్ళం. అక్కడ ఒక రిటైరైన రైల్వే గార్డు ఇంటి ముందు హాల్లో మా సంఘం కూడేది. మా నాయిన ఆ సంఘానికి పెద్ద. ఇంటిని సరిగ్గా నడిపించుకోలేనివాడు సంఘాన్ని ఏం నడిపిస్తాడని పాస్టరయ్య ఎప్పుడో ఒక ప్రసంగంలో అన్నాడు. అదిగో, ఆ మాట నాయిన మెడకు చుట్టుకుంది. అప్పటి నుంచి మేం చూస్తున్నామన్న ఎరుకతోనే ఆయన లేచేవాడు, కూర్చునేవాడు, అన్నం తినేవాడు.

మా బడిలో పిల్లలందరూ జూన్ నెలలోనో జూలై నెలలోనో పుట్టారు. హెడ్మాస్టరుగారు ఎవరికి ఏ తేదీ వీలుగా ఉంటే రిజిస్టరులో ఆ తేదీ వేసేవారు. మేం ముగ్గురం మాత్రం నిజంగా పుట్టిన రోజునే పుట్టాం. నాయిన పాస్టరయ్య దగ్గరికి పోయి, చర్చి పుస్తకంలో చూసి వచ్చి మరీ రాయించాడు. ల్యాబులో మూతి విరిగిన టెస్ట్ ట్యూబులు చెత్తబుట్టలో పడేవి. ఆడుకోవడానికి ఒక్కటి తెమ్మని నేనూ చెల్లే ఎంత బతిమాలినా తేలేదు. చెత్త కూడా సర్కారుదే అనేవాడు. ఇంత చాదస్తం ఎక్కడా చూడలేదని అమ్మ నెత్తి కొట్టుకునేది.

అన్న కాలేజీలో చేరినప్పుడు దరఖాస్తులో మతం దగ్గర నాయిన క్రైస్తవుడు అని రాయించాడు. మా సంఘంలో సగం మందికి ఆదివారం ఒక మతం, కాగితాల మీద ఇంకో మతం. క్రైస్తవులమని నిజం రాస్తే ఎస్సీల లెక్కలోకి రారు, పిల్లల స్కాలర్‌షిప్పు పోతుంది మరి. వాళ్ళను నేనెప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను. నాయిన నిజం రాయించాడు, స్కాలర్‌షిప్పు పోయింది. అమ్మ ఆ సంవత్సరమంతా ప్రొఫెసర్ల ఇళ్ళల్లో అంట్లు తోమింది. అయినా అన్న బీఎస్సీలో ఉన్నాడంటే మా వంశంలో అదే మొదటిసారి. నాయిన గిన్నెలు, గొట్టాలు కడిగే ల్యాబులోనే అన్న ప్రాక్టికల్స్ చేసేవాడు. కొడుక్కి సాయం చేశాడన్న మాట రాకూడదని ఆ గంటసేపు నాయిన వాడి టేబుల్ వైపే పోయేవాడు కాదు. దూరంగా నిలబడి చూసేవాడట. అన్నే నవ్వుతూ చెప్పాడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు లేచారు. క్లాసులు మూతబడ్డాయి. క్యాంపస్‌లో చెట్టుకో పోలీసు. మా పంచలో కూర్చుంటే టియర్ గ్యాసు వాసన వచ్చి, ఉల్లిగడ్డ కోయకుండానే కళ్ళు నీళ్ళు కారేవి. అన్న పొద్దున్నే అడిక్‌మెట్‌లో ఉండే దోస్తు గదికి చదువుకోను పోతున్నా అని వెళ్ళేవాడు. చదవడానికి కాలేజీయే లేనప్పుడు ఏం చదువని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే వాడు అబద్ధం ఆడాల్సి వస్తుంది, నాయిన దాన్ని ప్రార్థనలో పెడతాడు.

ఎండలు ముదిరిన ఒక రోజు తార్నాక వైపు నల్లటి పొగ లేచింది. వెంటనే తుపాకుల చప్పుడు. అమ్మ బియ్యం చాట పట్టుకునే పంచలో నిలబడిపోయింది. "నా కొడుకు క్షేమంగ ఇల్లు జేరితే కృతజ్ఞత కూడిక పెట్టిస్త ప్రభువా" అని మొక్కుకుంది, నా చెవులారా విన్నాను. కృతజ్ఞత కూడిక అంటే మాలో ఒక ఆచారం. జబ్బు తగ్గినా, పురుడు క్షేమంగా జరిగినా, తప్పిపోయిన మనిషి తిరిగొచ్చినా సంఘాన్ని ఇంటికి పిలిచి, దేవుడు చేసిన మేలు ఏమిటో నలుగురి ముందు చెప్పి, ప్రార్థన చేయించి, టీ ఇచ్చి పంపుతారు. మొక్కుకుని పెట్టకపోతే దేవుణ్ణి మోసం చేసినట్టే.

అన్న మధ్యాహ్నం వచ్చాడు. ఎవరిదో తువ్వాల కుడి చేతికి చుట్టుకుని ఉన్నాడు. తువ్వాల అమ్మే విప్పింది. మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం లేచిపోయింది. కిరోసిన్ వాసన గదంతా నిండింది. ల్యాబు నుంచి నాయినను పిలుచుకొచ్చింది నేనే.

నాయిన కొట్టలేదు, తిట్టలేదు. అన్న ముందు కింద కూర్చున్నాడు.

"ఏం జేసినవ్ కొడుకా?"

"బస్సుకు నిప్పు పెట్టినం నాయినా. గుడ్డ నేనే ఇసిరిన. మంట ఎనక్కి తిరిగింది."

"బస్సుల మనుషులు?"

"అందరు దిగినంకనే."

"నువ్వు సూసినవా?"

"ఎక్కి సూసొచ్చిన. ఎవ్వలు లేరు."

ల్యాబులో కాలినదానికి పూసే మందు ఉంటుంది కదా, జర తెమ్మని అమ్మ అడిగింది. అది ల్యాబుది అన్నాడు. ఆ మాటకు అమ్మ ఆయన వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఆ రోజే నాకూ ఆయన మీద మొదటిసారి కోపం వచ్చింది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వారాసిగూడ దాకా నడిచిపోయి, మూసేసిన దుకాణం తీయించి మందు కొనుక్కొచ్చాడు. ఎండకు పాదాలు బొబ్బలెక్కాయి. మందు ఆయనే పూశాడు, కుట్లు విప్పేంత నెమ్మదిగా. మనిషి అట్లాంటివాడు. ఏం చేస్తాం.

ఇరుగుపొరుగుకు ఏదో ఒకటి చెప్పాలి. అన్నం వారుస్తుంటే గంజి పడిందని అమ్మ చెప్పింది. పక్క క్వార్టరు అత్త ముక్కు మీద వేలేసుకుని, "కాలేజీ సదివే మొగపిల్లగాడు గంజి వార్చుడేంది వదినా?" అంది. అమ్మ తడబడి, "వాడు గాదు, ఈ పిల్ల వారుస్తుంటె వాని మీద ఒలకబోసింది" అని నన్ను ముందుకు తోసింది. అంతే, ఆ పూట నుంచి నేను అన్న చేయి కాల్చిన దాన్నయ్యాను. ఎవరు చూడవచ్చినా ముందు అన్నను చూసి అయ్యో అని, తర్వాత నా వైపు తిరిగి, "కండ్లు నెత్తికెక్కినయా పిల్లా" అనేవారు. నేను తల దించుకునేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే ఉండేది. అన్నను కాపాడుతున్నది నేనే కదా. గుట్టుగా అన్న నాకు కన్ను గీటేవాడు.

నాయినకు మాత్రం అది గొంతులో ముల్లయింది. ఎవరైనా నన్ను తిడుతుంటే ఆయన అక్కడ నిలబడలేక పంచలోకి పోయేవాడు. ఒకసారి ఇంట్లోకి వచ్చి, "పిల్లకు అబద్ధం నేర్పినం" అని అమ్మతో అన్నాడు. "పిల్లగాడు బతికిండు గదా" అంది అమ్మ.

అన్న చేతికి కొత్త చర్మం వచ్చింది. పట్నంలో గొడవలు కాస్త నెమ్మదించాయి. అమ్మ మొక్కు గుర్తుచేసింది. కూడిక పెట్టాలంటే మేలు ఏమిటో చెప్పాలి. "గంజి పడ్డ చెయ్యి మానింది, గంతే చెప్దాం. మిగిలింది దేవునికి ఎర్కనే" అని అమ్మ ముందే ఒప్పించుకుంది. నాయిన తల ఊపాడు. తల ఊపడం అంటే ఒప్పుకోవడం అని అమ్మ అనుకుంది. నేనూ అనుకున్నాను.

సాయంత్రం తార్నాక నుంచి సంఘమంతా వచ్చింది. పంచలో చాపలు పరిచాం. అమ్మ శనగలు ఉడికించి, తాలింపు పెట్టి గుడాలు చేసింది. పాటలయ్యాయి. పాస్టరయ్య లేచి, ఈ ఇంటి బిడ్డకు వేడి గంజి పడి గాయమైతే ప్రభువు స్వస్థపరిచాడని చెప్పి, ఇంటి యజమాని ప్రార్థన చేస్తాడన్నాడు. ఆడవాళ్ళు కొందరు నా వైపు చూసి నవ్వారు. ఒకావిడ నా నెత్తిన చిన్నగా మొట్టి, "ఇగనన్న పైలంగుండు" అంది. నాయిన అది చూశాడు. చూసి, మోకరించాడు.

అందరం కళ్ళు మూసుకున్నాం. మామూలుగానే పెద్దమ్మ మోకాలి నొప్పితో మొదలుపెట్టాడు. మా ప్రార్థనల్లో ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు ప్రతి మాటకూ స్తోత్రం, స్తోత్రం అంటుంటారు. కొంతసేపటికి నాయిన గొంతు మారింది.

"ప్రభువా, అది గంజి గాదు. నీకు తెలుసు."

"స్తోత్రం" అన్నారు అందరూ.

"నా బిడ్డ చేతులకెళ్ళి ఏం ఒలకలే. ఆ పిల్ల మీద మేం అబద్ధం పెట్టినం. నా కొడుకు బస్సుకు నిప్పు పెట్టిండు ప్రభువా. ఆ మంటల కాలిండు. వానికి తుపాకి గుండు తగలకుంట ఇంటికి తోల్కొచ్చినవ్."

"స్తోత్రం."

అలవాటు ఎంత పాడుదో ఆ రోజు తెలిసింది. బస్సు అన్నప్పుడు కూడా స్తోత్రం అన్నారు. ఒకరిద్దరి గొంతులు మాత్రం మధ్యలో ఆగిపోయాయి. నేను కళ్ళు తెరిచాను. నాకెదురుగా అన్న కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వాడు చొక్కా చేయి మెల్లగా మణికట్టు దాకా దించుకుని గుండీ పెట్టుకున్నాడు. నాయిన ఇంకా చెబుతూనే ఉన్నాడు. చివర అందరూ కలిసి గట్టిగా ఆమేన్ చెప్పారు.

గుడాలు చాలా మిగిలిపోయాయి. పాస్టరయ్య నాయిన భుజం మీద చేయి వేసి, ఇట్లాంటి తండ్రి సంఘానికి ఒక్కడున్నా చాలన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అందరూ వెళ్ళాక అమ్మ గిన్నెలు కడుగుతూ, "దేవుని చెవుల చెప్పరాదా నువ్వు?" అంది. అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాయిన నా పక్కకు వచ్చి, "ఇగ నిన్నెవ్వలు ఏమనరు బిడ్డా" అని తల నిమిరాడు. నాకు ఆ చేయి తోసెయ్యాలనిపించింది. అన్నను కాపాడే పని నా నుంచి లాగేసుకున్నాడన్నదే నా ఏడుపు. జరగబోయేది నాకేం తెలుసు.

వారం తిరగకముందే ఒక పొద్దున పోలీసు వ్యాను క్వార్టర్ల ముందు ఆగింది. ఇన్‌స్పెక్టరు పంచలోకే వచ్చి నిలబడ్డాడు. అన్నను పిలిచి చొక్కా చేయి పైకి అనమన్నాడు.

"క్యా హువా? చేతికేమైంది?"

"గంజి పడ్డది సార్" అంది అమ్మ.

ఇన్‌స్పెక్టరు అమ్మను వదిలేసి నాయిన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. గంజేనా?"

నేనూ చెల్లే గడప దగ్గర ఉన్నాం. నాయిన మమ్మల్ని చూశాడు. ప్రభువా, అవునని ఒక్క మాట, ఒక్క మాట అనిపించు అనుకున్నాను.

"గంజే సార్" అన్నాడు.

"ఎవరు పోసిండ్రు?"

నాయిన చేయి నా నెత్తి మీదికి వచ్చింది. "ఈ పిల్ల సార్."

"అవును సార్, నేనే" అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మా నాయిన అబద్ధం చెప్పడం నేను విన్నది అదొక్కసారే. ఆయన మీద నాకు అంత ప్రేమ పుట్టింది కూడా అప్పుడే.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "గంజి గాదు ప్రభువా అని నువ్వే మొరపెట్టుకున్నవంట గద పెద్దమనిషీ. దేవునికొక మాట, మాకొక మాటనా?" అన్నాడు. కానిస్టేబుళ్ళు కూడా నవ్వారు. అన్నను చెప్పులు వేసుకోనివ్వలేదు. వ్యాను ఎక్కుతూ వాడు ఒక్కసారి వెనక్కి చూశాడు. చూసింది నాయినను.

ఎవరు చెప్పారో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ పంచలో కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నవాళ్ళలో ఎవరో ఒకరు. పనిగట్టుకుని చెప్పారో, ఎంత గొప్ప ప్రార్థనో చూడండని మెచ్చుకుంటూ ఎవరి ముందో అన్నారో. కనుక్కోవడానికి నాయిన ఒప్పుకోలేదు. సంఘంలో ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తగ్గింది. కృతజ్ఞత కూడికలకు పిలిచేవాళ్ళు లేరు.

అన్న వానలు పడ్డాక జైలు నుంచి వచ్చాడు. వాణ్ణి కొట్టింది జైల్లో కాదు, అంతకు ముందే, పోలీసు స్టేషన్లో. కాలిన చేతినే విరిచారు. అది వంకరగా అతుక్కుని, మోచేయి దగ్గర ముడుచుకోవడం మానేసింది. ఆ చేత్తో అన్నం ముద్ద నోటి దాకా పోదు. ఎడమ చెవి వినపడదు. కాలేజీలో మళ్ళీ చేర్చుకోలేదు. నాయిన మాత్రం రోజూ ల్యాబుకు పోయి, వాడు నిలబడిన టేబుల్ తుడిచి, వేరే పిల్లలకు టెస్ట్ ట్యూబులు అందించి వచ్చేవాడు. అమ్మ అన్నకు నోట్లో పెట్టబోతే వద్దని, వాడు ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. కుటుంబ ప్రార్థనకు వచ్చి కూర్చునేవాడు గానీ, నాయిన వైపు ఎడమ చెవి ఉండేట్టు చూసుకుని కూర్చునేవాడు.

నాయినతో ఏం మాట్లాడేవాడు కాదు. అవునూ కాదూ కూడా అమ్మతోనే.

మా సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం. మనసులో తప్పు ఉన్నవాళ్ళు బల్లకు రాకుండా వెనక కూర్చుంటారు. అన్నను పోలీసులు తీసుకుపోయిన నెల నుంచే నాయిన వెనక కూర్చున్నాడు, బాప్తిస్మం కాని మా పిల్లల చాప మీద, నా పక్కన. పాస్టరయ్య బతిమాలాడు. "అబద్ధం ఆడిన అయ్యగారూ, పిల్లల ముందర ఆడిన. పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఆడిన" అన్నాడు నాయిన. ఆ రొట్టె పళ్ళెం మా వరస దాటి పోతున్నప్పుడల్లా ఆయన తల వంచుకునేవాడు.

అన్న తిరిగొచ్చాక మొదటిసారి బల్ల జరిగిన ఆదివారం అది. నాయిన వెనక కూర్చోవడం అన్న చూశాడు. ఎందుకని నన్ను అడిగితే చెప్పాను. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. చెల్లె చెప్పింది, నేను చెప్పాను, అమ్మ చెప్పింది. నాయిన మోకరించి, "ప్రభువా, ఈ నోటితోని అబద్ధం ఆడిన" అని మొదలుపెట్టాడు. రోజూ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాడు అప్పట్లో.

"నాయినా" అన్నాడు అన్న.

మా ఇంట్లో ప్రార్థన మధ్యలో మాట్లాడినవాళ్ళు అంతవరకు లేరు. నాయిన కళ్ళు తెరిచాడు. అన్న ఇటు జరిగి, వినపడే చెవి ఆయన వైపు తిప్పాడు.

"నువ్వు బల్లకు దూరంగ కూసోవాల్సింది గంజి అన్నందుకు గాదు. గంజి గాదన్నందుకు."

నాయిన, "అది దేవునితోని చెప్పిన కొడుకా" అన్నాడు.

"దేవునికి తెల్వదా?"

"తెలుసు."

"మరి ఎవరి కోసం చెప్పినవ్?"

నాయిన మోకాళ్ళ మీదే ఉండి, తల తిప్పి నా వైపు చూశాడు. అన్న కూడా నా వైపే చూశాడు. ఆ రోజు ప్రార్థనకు మేమెవరమూ ఆమేన్ చెప్పలేదు.